వాగు గట్టు పొదలు పీకేయమంటున్నారు, ద్రాక్షతోటకి మంచిదేనా?

రష్యన్‌రివర్_రమణ
కాలిఫోర్నియాలో హీల్డ్స్‌బర్గ్ దగ్గర మాకో చిన్న ద్రాక్షతోట ఉంది. నేనూ బావమరిదీ కలిసి తీసుకున్నాం. పినో నువార్, షార్డనే, రెండూ వైన్ రకాలే. తోటకి ఒక పక్క వాగు, అది వెళ్ళి రష్యన్ రివర్‌లో కలుస్తుంది. గట్టు నిండా ముళ్ళ బ్లాక్‌బెర్రీ, ఓక్ చెట్లు, నేలంతా అల్లుకున్న వింకా, చెట్ల మీదకి పాకిన అడవి ద్రాక్ష. కొన్నప్పటి నుంచీ దాని జోలికి పోలేదు.

ఇప్పుడు వాగు పక్క వరుసల్లో తీగలు ఎండిపోతున్నాయి. తోట మధ్యలో మాత్రం బాగానే ఉన్నాయి. పక్క తోట మేనేజర్ వచ్చి చూసి, "అంతా ఆ పొదల పుణ్యమే, గట్టు దాకా నున్నగా చేసెయ్యండి" అన్నాడు. మిషన్ కూడా తనే పంపుతానంటున్నాడు. బావమరిది దానికి పూర్తి విరుద్ధం. అడవి మొక్కలుంటే మిత్ర పురుగులు వస్తాయట, ఉన్నవి ఉంచి తోటకి అడ్డంగా ఇంకో మొక్కల పట్టీ నాటాలట. రోజూ అన్నం దగ్గర ఇదే పంచాయితీ. మీలో ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

లోడీ_లక్ష్మి
ముందు ఆ మిషన్‌ని రావద్దనండి. ఇక్కడ వాగు గట్టు మీద చెయ్యి వేయాలంటే రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి ముందే తెలియజేయాలి. 1602 నోటిఫికేషన్ అంటారు. కౌంటీ నిబంధనలు వేరే ఉంటాయి, వాగు నుంచి ఎంత దూరం వదలాలో అవి చెబుతాయి. స్థలం మీదే అయినా సరే. రష్యన్ రివర్‌లో కలిసే వాగుల్లో కోహో సాల్మన్ ఉంటుంది, అంతరించిపోతున్న జాబితాలో ఉన్న చేప. గట్టు చెట్ల నీడ పోతే నీళ్ళు వేడెక్కి పిల్లలు బతకవు. రేపు జరిమానా పడితే ఆ మేనేజర్ సగం కట్టడు.

పందిరిమామ
మాది మేడ్చల్ వైపు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళ కింద పెరిగినోణ్ణి. మా నాయన గట్టు మీద గడ్డిపోచ మొలిస్తే ఊరుకునేవాడు కాదు. పొద ఉంటే పురుగు, పురుగుంటే తొండ, తొండ ఉంటే పాము, పాముంటే కూలీలు రారు. నా ఓటు పీకెయ్యడానికే.

చింతతోపు
మామా, ఆ పందిళ్ళు ఇప్పుడెక్కడ?

పందిరిమామ
విల్లాలు లేచినయ్. గేటు మీద ద్రాక్షగుత్తి బొమ్మ పెట్టారు, అంతే మిగిలింది.

పురుగులబడి
రమణ గారూ, ఓటింగ్ తరవాత పెట్టుకుందాం. తీగలు ఎలా ఎండుతున్నాయో చెప్పండి. ఆకు అంచుల నుంచి లోపలికి మాడుతోందా? ఆకు రాలిపోయి కాడ మాత్రం కొమ్మకే అగ్గిపుల్లలా నిలబడుతోందా? కొమ్మ ముదిరి గోధుమరంగుకి తిరిగేటప్పుడు మధ్యమధ్య పచ్చటి మచ్చలు మిగిలిపోతున్నాయా?

రష్యన్‌రివర్_రమణ
మూడూ ఉన్నాయండీ. గుత్తులు కూడా చెట్టు మీదే ముడుచుకుపోతున్నాయి.

పురుగులబడి
అయితే పియర్సెస్ డిసీజ్ అనే అనుమానించాలి. పొటాష్ లోపం, ఉప్పునీళ్ళు, నీటి ఎద్దడి వల్ల కూడా ఆకు అంచులు మాడతాయి కాబట్టి కంటితో తేల్చకండి. వేసవి చివర్లో, అంటే లక్షణాలు బాగా బయటపడే రోజుల్లో, ఆకు కాడలు కోసి ల్యాబ్‌కి పంపండి.

జబ్బు సంగతి: జైలెల్లా ఫాస్టిడియోసా అనే బాక్టీరియా తీగలో నీళ్ళు పారే గొట్టాల్లో చేరి వాటిని పూడ్చేస్తుంది. 1880లలో దక్షిణ కాలిఫోర్నియాలో అనాహైమ్ చుట్టుపక్కల ద్రాక్ష సాగుని దాదాపు తుడిచిపెట్టింది ఇదే. అప్పుడు దాన్ని పరిశోధించిన న్యూటన్ పియర్స్ పేరే పెట్టారు. సోకిన తీగకి మందు లేదు. మీరు వేసిన పినో, షార్డనే రెండూ దీనికి తొందరగా లొంగే రకాలు, అదొక దురదృష్టం.

మోసుకొచ్చేది షార్ప్‌షూటర్ అనే రసం పీల్చే పురుగు. మీ ఉత్తర తీరంలో నీలి-ఆకుపచ్చ రంగులో ఉండే రకం. చలికాలమంతా వాగు పొదల్లో గడిపి, మార్చి-ఏప్రిల్‌లో ద్రాక్ష చిగురు వేయగానే తోటలోకి దిగుతుంది. అందుకే గట్టు పక్క వరుసలే పోతాయి, మధ్యవి మిగులుతాయి. వసంతంలో సోకిన తీగ చాలావరకు తేరుకోదు. వేసవి చివర్లో సోకితే కొమ్మ కొసల్లోనే ఉండి, చలికాలం కత్తిరింపులతో పోయే అవకాశం ఎక్కువ.

కాబట్టి మేనేజర్ వాగు వైపు వేలు చూపించడం సరైనదే. మందు మాత్రం తప్పు చెప్పాడు. ఆ పురుగు అన్ని మొక్కల మీదా పెరగదు. మీరు రాసిన జాబితాలో దానికి నచ్చేవి మూడు: బ్లాక్‌బెర్రీ, వింకా, అడవి ద్రాక్ష. ఇవి కాక మగ్‌వర్ట్, నెటిల్, ఎల్డర్‌బెర్రీ కూడా చూసుకోండి. ఓక్, బకై, టోయాన్, కొయోటీ బ్రష్ లాంటి ఇక్కడి చెట్లూ పొదల మీద దానికి సంసారం సాగదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు సరిగ్గా ఈ సమస్యకే సలహా పుస్తకం వేశారు. గట్టుని బోడి చెయ్యమని అందులో లేదు. పురుగుకి ఇల్లయ్యే మొక్కల్ని ఏరి తీసి, వాటి చోట ఇల్లు కాని స్థానిక మొక్కలు పెట్టమని ఉంది.

చింతతోపు
వింకా అంటే మన బిళ్ళగన్నేరు చుట్టమేనా?

పురుగులబడి
దగ్గర చుట్టమే. ఇక్కడ దాన్ని అందం కోసం ఇళ్ళ ముందు పెట్టారు, వరదకి కొట్టుకుపోయి వాగులన్నీ ఆక్రమించింది.

కొండవాగు
బ్లాక్‌బెర్రీదీ అదే కథ. రమణ గారి గట్టు మీద ఉన్నది చాలావరకు 'హిమాలయన్' బ్లాక్‌బెర్రీ అయ్యుంటుంది. 1885 ప్రాంతంలో లూథర్ బర్బాంక్ తెచ్చి తోటల వాళ్ళకి అమ్మాడు. ఆయన ఉన్నది శాంటా రోసాలో, అంటే మీ పక్క ఊళ్ళోనే. మొక్క అసలు పుట్టిల్లు ఆర్మీనియా వైపు. పడమటి తీరమంతా అది పాకుతుంటే చెడ్డపేరు మాత్రం మన కొండలకి వచ్చింది.

అందుకే మీ ఇంట్లో గొడవ కొంచెం పక్కదారి పట్టిందనిపిస్తోంది. మీ బావమరిది 'అడవి మొక్కలు' అంటున్న వాటిలో సగం అడవివే కావు.

రష్యన్‌రివర్_రమణ
ఈ మాట ఇవాళ రాత్రి భోజనం దగ్గర వాడతాను. అడ్డంగా పట్టీ నాటడం సంగతేమిటి మరి? అది నిజంగా పనిచేస్తుందా, లేక యూట్యూబ్ మాటా?

కొండవాగు
యూట్యూబ్ కంటే చాలా పాతది. మీకు ఉత్తరాన, అదే హైవే 101 మీద హాప్‌ల్యాండ్ ఉంది కదా. అక్కడ సేంద్రియ ద్రాక్షతోటలో 1996, 1997 రెండేళ్ళూ క్లారా నికోల్స్, మైఖేల్ పరెల్లా, మిగెల్ అల్టియేరి పరిశీలన చేశారు. పక్కపక్కనే రెండు మడులు. ఒకదానికి అడ్డంగా పూలమొక్కల పట్టీ, అందులో 65 జాతులు, అది వాగు ఒడ్డు అడవికి కలిసి ఉంది. రెండో మడికి పట్టీ లేదు.

పట్టీ ఉన్న మడిలో లీఫ్‌హాపర్లు (ఆకు రసం పీల్చే చిన్న గెంతుడు పురుగులు), తామర పురుగులు తోట మధ్య వరుసల్లో ఎక్కువ, అడవికీ పట్టీకీ దగ్గరి వరుసల్లో తక్కువ. వాటిని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు లాంటివి సరిగ్గా ఆ దగ్గరి వరుసల్లోనే ఎక్కువ. పట్టీ లేని మడిలో ఏ తేడా లేదు, అన్ని పురుగులూ తోటంతా సమానంగా పరుచుకున్నాయి. అంటే అడవి అంచున ఆగిపోయే మిత్ర పురుగులకి ఈ పట్టీ తోట లోపలికి దారి వేసింది. ఇలాంటి దారినే కారిడార్ అంటారు.

పందిరిమామ
65 జాతులా! పెళ్ళి పందిట్లో కూడా అన్ని కూరలు వడ్డించరు. పైగా సేంద్రియ తోటలో చేశారంటున్నావు. పనిచేస్తుందని చూపించాలనుకునే వాళ్ళ తోటలో పనిచెయ్యక ఏమవుతుంది?

కొండవాగు
అలా అయితే పనిచెయ్యని ముక్క ఎందుకు రాస్తారు మామా? లీఫ్‌హాపర్ గుడ్లలో గుడ్లు పెట్టి చంపే అనాగ్రస్ అనే చిన్న కందిరీగ ఉంది. పట్టీ పూలతేనె తాగి అది దగ్గరి వరుసల్లో బాగా పనిచేస్తుందని అనుకున్నారు. చూస్తే అలాంటి తేడా కనపడలేదు. పట్టీ పక్కనా, తోట మధ్యలో కూడా గుడ్ల నాశనం ఒకేలా ఉంది. వాళ్ళే ప్రచురించారు. ఇంకోటి, వేటాడే పురుగులు కూడా పట్టీ నుంచి కొంత దూరమే వెళతాయి. ఎకరాలకి ఎకరాలు ఒకే పట్టీతో కాపాడొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

పురుగులబడి
అనాగ్రస్ పేరు వచ్చింది కాబట్టి ఒక చిక్కుముడి చెప్పాలి. మన ట్రైకోగ్రామా కార్డుల గురించి తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేలో కట్టే ఆ అట్టల్లోంచి వచ్చే చిన్న కందిరీగ కూడా గుడ్డు పరాన్నజీవే, అంటే వేరే పురుగు గుడ్లలో గుడ్లు పెట్టి చంపేది. ద్రాక్ష లీఫ్‌హాపర్ చలికాలాన్ని పెద్ద పురుగుగానే గడిపేస్తుంది, గుడ్లు ఉండవు. మరి గుడ్లు లేని ఆ నెలల్లో అనాగ్రస్ ఎక్కడ బతకాలి? 1960లలో డౌట్, నకాటా అనే శాస్త్రవేత్తలు దాని చలికాలపు ఇల్లు పట్టుకున్నారు. బ్లాక్‌బెర్రీ మీద ఉండే వేరే లీఫ్‌హాపర్ గుడ్లు అవి.

అంటే బ్లాక్‌బెర్రీలు దగ్గరున్న తోటల్లో లీఫ్‌హాపర్ గోల తక్కువ. అదే బ్లాక్‌బెర్రీ షార్ప్‌షూటర్‌నీ పెంచుతుంది, దాంతో పియర్సెస్ వస్తుంది. ఒకే పొద ఒక పురుగుని చంపుతూ ఇంకో పురుగుని సాకుతోంది. రమణ గారి బావమరిది, పక్క తోట మేనేజర్ ఇద్దరూ ఒకే పొదకి చెరో వైపు నిలబడి కొట్టుకుంటున్నట్టుంది.

లోడీ_లక్ష్మి
దానికి పరిష్కారం కూడా ఉంది కదా, ప్రూన్ చెట్లు (ఒక రకం ప్లమ్).

పురుగులబడి
ఔను, చెప్పండి అక్కా, మీ వైపు చూసే ఉంటారు.

లోడీ_లక్ష్మి
ఫ్రెంచ్ ప్రూన్ చెట్ల మీద ఉండే లీఫ్‌హాపర్ చలికాలంలో గుడ్లుగానే ఉంటుంది. అనాగ్రస్‌కి ఆ గుడ్లు సరిపోతాయి. అందుకని తోటకి గాలి వచ్చే వైపు ప్రూన్ చెట్లు వరుసగా నాటారు కొందరు. అవి గాలిని ఆపుతాయి, గాలి నెమ్మదించిన చోట ఆ నలుసంత కందిరీగలు తోటలో దిగుతాయి. గాలి దిగిపోయే వైపు నాటితే దండగే. మా పక్కవాళ్ళు రోడ్డు వైపు అందంగా ఉంటుందని నాటారు, గాలి అటు వెళ్ళేదే. పండ్లు మాత్రం బాగా కాశాయి.

రష్యన్‌రివర్_రమణ
ఇది భలే ఉంది. ప్రూన్ మన స్థానిక మొక్క కాదుగా, బావమరిది ఒప్పుకుంటాడా అని.

కొండవాగు
ద్రాక్ష ఎక్కడి స్థానికమో అడగండి.

తాడిపత్రి_పల్లీ
ద్రాక్ష నాకు తెలియదు, వేరుసెనగ రైతుని. కానీ పందిరిమామకి సపోర్టుగా ఒక మాట. 2000 ఖరీఫ్‌లో మా అనంతపురం జిల్లాలో వేరుసెనగ కాండం కుళ్ళు వైరస్ వచ్చింది. దాదాపు రెండున్నర లక్షల హెక్టార్లు దెబ్బతింది, నష్టం మూడు వందల కోట్లకి పైనే అన్నారు. మొలిచిన పైరు కళ్ళ ముందే మాడిపోయింది. కారణం వెతికితే ఎక్కడ దొరికింది? గట్ల మీద, బీళ్ళలో పెరిగిన వయ్యారిభామలో. ఆ మొక్క వైరస్‌ని దాచుకుని పైకి ఆరోగ్యంగా ఉంటుంది. దాని పుప్పొడి తామర పురుగులతో పాటు పైరు మీదకి వస్తుంది, పురుగు గీరిన చోట వైరస్ లోపలికి పోతుంది. గట్టు మీద ఏదో పచ్చగా ఉందిలే అని ఊరుకున్నందుకు జరిగింది అది. కారిడార్లు, మిత్ర పురుగులు అనేవాళ్ళు ఇదీ చూడాలి.

కొండవాగు
పల్లీ అన్నా, మీరు చెప్పింది మాకే సపోర్టు. వయ్యారిభామ ఇక్కడిది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు. మీకు తరవాత ఇచ్చిన సలహా ఏమిటి? గట్టు మీద వయ్యారిభామ తీసెయ్యండి, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగు వరుసలు వెయ్యండి అనే కదా? అంటే తామర పురుగుకి అడ్డంగా పచ్చటి గోడే కట్టమన్నారు. గట్టు బోడిగా ఉంచమనలేదు.

తాడిపత్రి_పల్లీ
జొన్న వెయ్యమన్నది నిజమే. వేసినవాళ్ళు ఎందరో అడక్కండి.

పందిరిమామ
సరే, జొన్న అంటే తింటాం. టోయాన్ తింటామా?

నాసిక్_సుబ్బు
నేను నాసిక్ దగ్గర టేబుల్ ద్రాక్ష తోటల్లో పనిచేస్తాను, మాది ప్రకాశం జిల్లా. ఇక్కడ పియర్సెస్ లేదు, కాబట్టి అమెరికా జాబితా మనకి పనికిరాదు. మన శత్రువులు వేరు: పిండి నల్లి, తామర పురుగులు, ఉడద్య పెంకు పురుగు. పిండి నల్లి విషయంలో కంచె మొక్క చాలా తేడా చేస్తుంది. తోట చుట్టూ మందార పెట్టినవాళ్ళు ఉన్నారు, పూజకి పూలొస్తాయని. ద్రాక్ష గుత్తుల్లో దూరే పిండి నల్లికి మందార అంటే ప్రాణం. పక్కనే బెండ, జామ ఉన్నా అంతే.

అలాగని పిండి నల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగులు కొని వదులుతారు కదా, వదిలిన వారానికే మందు కొడతారు. అప్పుడు పట్టీ వేసినా, పురుగులు కొన్నా ఒకటే. మందుల షెడ్యూలు మార్చకుండా పట్టీ నాటడం మంచిది కాదని నా అభిప్రాయం, ఊరికే స్థలం పోతుంది.

చింతతోపు
మా అత్తగారి పెరట్లో మందారకి పిండి నల్లి, కరివేపాకుకి పిండి నల్లి. ఆవిడ రోజూ గంజి పోస్తుంది. శాస్త్రమా అది?

నాసిక్_సుబ్బు
శాస్త్రం కాదు, ఓపిక.

బరోసా_బుజ్జి
ఆలస్యంగా చూశాను. దక్షిణ ఆస్ట్రేలియాలో మా వైపు ఇది ఇప్పుడు పెద్ద టాపిక్. ఇక్కడ మేరీ రెటల్లాక్ అనే ఆవిడ అడిలైడ్ విశ్వవిద్యాలయంలో దీని మీదే పరిశోధన చేసి, తరవాత ఎకోవైన్‌యార్డ్స్ అనే కార్యక్రమం నడుపుతున్నారు. ఆవిడ ఎంచుకున్నవి అన్నీ ఇక్కడి మొక్కలే: బర్సేరియా స్పైనోసా, ముళ్ళ టీ-ట్రీ పొదలు, వరుసల మధ్య వాలబీ గడ్డి. మా ప్రధాన శత్రువు లైట్ బ్రౌన్ యాపిల్ మాత్, దాని గొంగళి పురుగులు గుత్తుల్లో దూరి కుళ్ళు తెస్తాయి. ఆ పొదల్లో దాన్ని తినే సాలీళ్ళు, పెంకు పురుగులు, పరాన్నజీవి కందిరీగలు ఏడాదంతా నిలుస్తాయి.

నాకు నచ్చింది వాలబీ గడ్డి. వేసవిలో నీళ్ళు అడగదు, పొట్టిగా ఉంటుంది, ట్రాక్టరు తిరిగినా చావదు. పొదలేమో మొదట్లో నీళ్ళు పెట్టకపోతే చస్తాయి. 'స్థానిక మొక్క కదా, అదే బతుకుతుంది' అనుకుని నాటి వదిలేసినవాళ్ళ పట్టీల్లో చివరికి కలుపే మిగిలింది. మా తోటలో కుందేళ్ళు కూడా కొరికేశాయి, మొక్కకో ప్లాస్టిక్ గొట్టం తొడగాల్సి వచ్చింది. ఖర్చు అక్కడ తేలుతుంది, మొక్క ధరలో కాదు.

పందిరిమామ
పిట్టల సంగతి ఎవ్వరూ ఎత్తరేం? పొదలు పెడితే పిట్టలొస్తాయ్, పిట్టలొస్తే పండు పోతుంది. మాకు గోరింకలు, చిలకలు. డబ్బాలు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయేవి.

లోడీ_లక్ష్మి
పిట్టలన్నీ ఒకటి కాదు మామా. ఇక్కడే కాలిఫోర్నియాలోని నాపాలో జూలీ జెడ్లిక్కా బృందం తోటల్లో నీలిపిట్టలకి గూటి పెట్టెలు పెట్టి చూశారు, 2011లో ప్రచురించారు. కావాలని గొంగళి పురుగుల్ని అక్కడక్కడ అంటించి ఎన్ని మాయమవుతాయో లెక్కేశారు. పెట్టెలున్న చోట సగటున 2.4 రెట్లు ఎక్కువ పోయాయి. గూడు కట్టే కాలంలో ఆ పిట్టలు ఎక్కువగా పురుగులే తింటాయి, కోతకాలంలో మందలుగా పడి పండు తినేది స్టార్లింగ్‌లు, ఫించ్‌లు.

బరోసా_బుజ్జి
న్యూజిలాండ్ వాళ్ళు ఇంకో అడుగు ముందున్నారు. మార్ల్‌బరో తోటల్లోకి అంతరించిపోతున్న డేగల్ని తెచ్చి పెంచారు. అవి తిరిగే తోటల్లో పిట్టలు తినే ద్రాక్ష 95 శాతం తగ్గిందని 2012లో రాశారు. డేగకి జీతం లేదు, సెలవు లేదు.

చింతతోపు
మేడ్చల్‌లో డేగని తెస్తే ముందు కోళ్ళ ఫారం వాళ్ళు పందిరిమామ ఇంటికొస్తారు.

కొండవాగు
పిట్టలు, పురుగుల వరకే మాట్లాడుకుంటున్నాం కానీ 'కారిడార్' అన్న ఆలోచన మొదట వచ్చింది పెద్ద జంతువుల కోసమే. రమణ గారి సొనోమా కౌంటీలోనే జోడీ హిల్టీ, అడినా మెరెన్‌లెండర్ వాగు పట్టీల్లోనూ ద్రాక్షతోటల్లోనూ కెమెరాలు పెట్టారు. 2004లో వచ్చింది ఆ పరిశోధన. మాంసాహార జంతువులు తోటల్లో కంటే వాగు పట్టీల్లో 11 రెట్లు ఎక్కువగా కనిపించాయి. పట్టీ వెడల్పుగా ఉంటేనే స్థానిక జంతువులు బాగా వాడుకున్నాయి. రమణ గారి గట్టు ఒక్కటే చూస్తే చిన్నది. కానీ ఎగువ కొండనీ దిగువ నదినీ కలిపే గొలుసులో అదొక లంకె. మధ్యలో ఒకరు నున్నగా చేస్తే అటువాళ్ళదీ ఇటువాళ్ళదీ తెగిపోతుంది.

కంచె విషయంలో కూడా జాగ్రత్త. జింకల కోసం ఎత్తు కంచె వేస్తారు అక్కడ. స్థలం చుట్టూరా వేస్తే వాగు కూడా లోపలికి వచ్చి దారి మూసుకుపోతుంది. ద్రాక్ష మడుల వరకే వేసి, వాగుని కంచె బయట వదలండి.

నాసిక్_సుబ్బు
బాబ్‌క్యాట్ (అడవిపిల్లి), కొయోటీ (నక్కలాంటిది) వస్తే మనుషులకి?

కొండవాగు
వాటికి మనమంటే భయం. తోటలో వేళ్ళు కొరికే గోఫర్లని, అంటే బొరియల్లో ఉండే ఎలుకల్లాంటి వాటిని, తినిపెడతాయి, అద్దె లేకుండా.

లోడీ_లక్ష్మి
దక్షిణాఫ్రికా గురించి కూడా ఒక ముక్క. కేప్ ప్రాంతంలో వైన్ తోటలు పెరిగిపోయి అక్కడ తప్ప ఇంకెక్కడా లేని ఫిన్‌బాస్, రెనోస్టర్‌వెల్డ్ పొదలు మాయమవుతున్నాయని 2004లో బయోడైవర్సిటీ అండ్ వైన్ ఇనీషియేటివ్ అని మొదలుపెట్టారు. రైతు తన భూమిలో మిగిలిన సహజ పొదల్ని దున్నకుండా వదిలితే గుర్తింపు. కొత్తగా నాటడం కంటే ఉన్నదాన్ని ఉంచడమే చవక అని వాళ్ళ లెక్క. బుజ్జి గారు చెప్పిన ప్లాస్టిక్ గొట్టాల ఖర్చు చూస్తే నిజమే అనిపిస్తుంది.

గూడెం_గిరి
మంటల మాట? 2019లో కిన్‌కేడ్ మంటలప్పుడు హీల్డ్స్‌బర్గ్ ఊరు మొత్తం ఖాళీ చేయించారు. మా పిన్ని వాళ్ళు అక్కడే. ఆవిడ ఇప్పుడు ఇంటి చుట్టూ తులసి కూడా ఉంచడం లేదు.

రష్యన్‌రివర్_రమణ
గిరి గారూ, మా ఆవిడ ప్రశ్న కూడా అదే. ఇల్లు వాగుకి దూరమే కానీ టెన్షన్ ఉంటుంది కదా.

పురుగులబడి
ఇంటి చుట్టూ వంద అడుగుల మేర మండే చెత్త తగ్గించాలన్నది అక్కడి చట్టమే, అది పాటించండి. గట్టు మీద ఎండిన బ్లాక్‌బెర్రీ కొమ్మల పొరలే బాగా అంటుకుంటాయి. వాటిని తీస్తే జబ్బుకీ మంటకీ రెండిటికీ పనికొస్తుంది. పచ్చటి ఓక్‌లు అంత తేలిగ్గా అంటుకోవు.

ఓక్‌ల మాట వచ్చింది కాబట్టి, కొత్తగా బే లారెల్ చెట్టు మాత్రం ఓక్‌ల పక్కన నాటకండి. షార్ప్‌షూటర్‌కి అది నచ్చదని కొందరు సలహా ఇస్తారు. కానీ ఓక్‌లని హఠాత్తుగా చంపే ఫైటోఫ్తోరా తెగులు బే లారెల్ ఆకుల మీదే పెరిగి ఓక్‌లకి చేరుతుంది. ఒక జబ్బుకి వైద్యం చేస్తూ ఇంకోదాన్ని కొని తెచ్చుకోవడం అవుతుంది.

రష్యన్‌రివర్_రమణ
బావమరిదికి మొత్తం థ్రెడ్ చదివించాను. ఇప్పుడు అనుకున్నది ఇది. మిషన్ వద్దు. ఆకు కాడలు ల్యాబ్‌కి పంపుతున్నాం. 1602 గురించి శాఖ వాళ్ళతో మాట్లాడటానికి టైం తీసుకున్నాం. అనుమతి వస్తే బ్లాక్‌బెర్రీ, వింకా తీసి ఓక్, టోయాన్, కొయోటీ బ్రష్, బకై నాటుతాం, కొంచెం కొంచెంగా. అడ్డ పట్టీ ఈ ఏడు కాదు, ముందు గట్టు తేలాలి. ప్రూన్ చెట్లు మూల మీద గాలి వైపు వేస్తాం. బావమరిది ఒక షరతు పెట్టాడు, అడవి ద్రాక్ష ఒక్క చెట్టు మీదైనా ఉంచాలట, అందంగా ఉంటుందని. ఉంచొచ్చా?

పురుగులబడి
తోటకి దగ్గర గట్టు మీద వద్దు. వాగు అవతలి ఒడ్డు మీద, దూరంగా ఉన్నది ఉంటే ఉండనివ్వండి.

పందిరిమామ
బ్లాక్‌బెర్రీకి మేకల్ని తోలండి. రెండు రోజుల్లో నున్నగా చేస్తాయి, డీజిల్ ఖర్చు లేదు.

లోడీ_లక్ష్మి
మామా, ఇక్కడ నిజంగానే మేకల్ని మందలుగా అద్దెకిస్తారు! కానీ అవి ద్రాక్ష చిగుళ్ళు ఇంకా ఇష్టంగా తింటాయి. తోలేముందు కంచె చూసుకోవాలి. గట్టు మీద తోలాలన్నా శాఖ వాళ్ళని అడగాలి, గిట్టలకి గట్టు విరిగి మట్టి నీళ్ళలో పడుతుంది.

పందిరిమామ
మేకకి కూడా పర్మిషనా! ఇంక నేనేం మాట్లాడను.

బరోసా_బుజ్జి
మేకలు పైపైనే తింటాయి. బ్లాక్‌బెర్రీ మొదలు దుంపతో తవ్వకపోతే ఏడాదిలో మళ్ళీ అంతే. తవ్విన చోట వెంటనే ఏదో ఒకటి నాటాలి, ఖాళీగా ఉంచితే మొదట మొలిచేది అదే.

నాసిక్_సుబ్బు
రమణ గారూ, మళ్ళీ నాటే తీగల రకం మార్చే ఆలోచన ఉందా? డేవిస్ విశ్వవిద్యాలయం 2019లో పియర్సెస్‌ని తట్టుకునే వైన్ రకాలు అయిదు విడుదల చేసిందని చదివాను. అరిజోనా అడవి ద్రాక్షతో సంకరం చేసి, మళ్ళీ మళ్ళీ వైన్ ద్రాక్షతో కలిపినవి.

రష్యన్‌రివర్_రమణ
వాగు పక్క వరుసలకి అడుగుతున్నాం. మా పండు కొనే వైనరీ పినో తప్ప వేరే పేరు వినదు, అదీ చిక్కు. ఇంకో ప్రశ్న, ఇప్పుడు మాడిన తీగలన్నీ ఒకేసారి పీకాలా?

పురుగులబడి
ఒకేసారి వద్దు. ల్యాబ్ రిపోర్టు వచ్చాక సోకిన ప్రతి తీగకీ రంగు రిబ్బను కట్టండి. చలికాలం బాగా చల్లగా ఉంటే కొన్నిటిలో బాక్టీరియా చచ్చిపోయి తీగ కోలుకుంటుంది. వసంతంలో రిబ్బను ఉన్నవాటిని మళ్ళీ చూడండి. చిగురు ఆలస్యంగా, పొట్టిగా వచ్చినవి తీసెయ్యండి, ఇంక బాగుపడవు. మామూలుగా చిగిర్చినవి ఇంకో ఏడు ఉంచండి. మార్చికల్లా గట్టు పక్క పసుపు జిగురు అట్టలు వేలాడదీసి షార్ప్‌షూటర్లు ఎన్ని పడుతున్నాయో చూస్తూ ఉండండి. ఎండ కాస్త వేడెక్కిన రోజుల్లోనే అవి కదులుతాయి, చలిరోజు ఖాళీ అట్ట చూసి తగ్గాయని అనుకోవద్దు.